దొరబాబు గారి గ్రేడు

రాత్రి పదిన్నర తర్వాత ప్రజలు నిద్రపోవడం మీద మా టెలివిజన్ కేంద్రానికి మొదట్లో ఎలాంటి అభ్యంతరమూ లేదు. పదింటికి వార్తలు చదివి, రేపటి వాతావరణం చెప్పి, సెలవు తీసుకుని, దీపాలార్పుకుని వెళ్లిపోయేవాళ్లం. ప్రజలు వాళ్ల దారిన వాళ్లు పడుకునేవారు. ఈ ఏర్పాటు ఉభయులకూ సుఖంగా ఉండేది.

అంతలో ఢిల్లీలో ఒక పెద్ద అధికారి విదేశాలకు వెళ్లొచ్చాడు. అక్కడి జనం అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుని పగలబడి నవ్వడం ఆయన కళ్లారా చూశాడట. పాట, మాట, గారడీ, హాస్యం అన్నీ ఒకే కార్యక్రమంలో కలిపేస్తారట. ఒక మనిషి కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లందర్నీ పలకరిస్తూ ఉంటాడట. మనవాళ్లు మాత్రం ఎందుకు నవ్వకూడదని ఆయన ఫైలు మీద రాశాడు. నెల తిరక్కుండా మాకు ఉత్తర్వు వచ్చింది. "వచ్చే శనివారము మొదలు ప్రతి శనివారము రాత్రి పదిన్నర నుంచి పదకొండున్నర వరకు ప్రజలను నవ్వించి, తీసుకున్న చర్యలను వెంటనే తెలియజేయవలెను."

నేను అప్పుడు ఆ కేంద్రంలో ప్రోగ్రాం అసిస్టెంటుని. నా పేరు రత్నావళి. నాకు రూల్సంటే భక్తి ఉండేది. భక్తి అని ఎందుకంటున్నానంటే, అర్థం కాకపోయినా నమ్మేదాన్ని.

మా స్టేషన్ డైరెక్టరు ఉప్పులూరి జగన్నాథరావు గారు మర్నాడే అందర్నీ సమావేశపరిచారు. "ప్రజలను నవ్వించుట మన రాజ్యాంగబద్ధమైన బాధ్యత కాకపోవచ్చు. కాని నిన్న సాయంత్రం నాలుగు గంటల నుంచి అది మన ఉత్తర్వుబద్ధమైన బాధ్యత. కావున ఎవరూ తేలిగ్గా తీసుకోరాదు" అన్నారు. ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. పేరు పెట్టడానికి వేసిన కమిటీ నాలుగుసార్లు కూర్చుని 'నిశారంజని' అని తేల్చింది. కుర్చీలో కూర్చుని పలకరించే పని వార్తలు చదివే నరహరి గారికి అప్పజెప్పారు. ఆయన ఆరేళ్లుగా తెర మీద నవ్వి ఎరగరు. వార్తలు చదివేవాళ్లు నవ్వకూడదని రూలు. రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప నవ్వనని ఆయన భీష్మించుకున్నారు. "సదరు ఉద్యోగి శనివారములందు మాత్రము, అవసరమైన మేరకు, నవ్వవచ్చును" అని డైరెక్టరు గారు సంతకం చేసి ఇచ్చాక గాని ఒప్పుకోలేదు.

మొదటి శనివారం వీణ కచేరీ పెట్టాం. రెండో శనివారం వరికి పట్టే తెగుళ్ల గురించి హాస్యంగా ప్రసంగించమని ఒక వ్యవసాయ శాస్త్రవేత్తను పిలిచాం. ఆయన మొదట్లో ఒకసారి నవ్వి, ఆ తర్వాత తెగుళ్లలోకి వెళ్లిపోయారు. మూడు ఉత్తరాలు వచ్చాయి. రెండింట్లో తిట్లున్నాయి. మూడోదాంట్లో ఒకాయన, ఏళ్ల తరబడి నిద్రపట్టని తన అత్తగారు శనివారాలు హాయిగా నిద్రపోతున్నారని కృతజ్ఞతలు తెలిపాడు. డైరెక్టరు గారు ఆ మూడో ఉత్తరాన్ని ఢిల్లీకి పంపారు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు కిల్లాన పైడిరాజు.

విజయనగరం దగ్గర ఏదో ఊరు. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. పాతదే అయినా ఇస్త్రీ చేసిన కోటు వేసుకున్నాడు. చేతిలో రేకుపెట్టె. నా బల్ల ఎదుట కూర్చుని, పెట్టె తెరిచి, రెండడుగుల చెక్కబొమ్మను తీసి ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని వీపులోకి చెయ్యి దూర్చాడు. బొమ్మకు జమీందారులా తలపాగా, కోరమీసం, జరీ కండువా ఉన్నాయి. అది తల తిప్పి నా బల్ల మీది పేరుపలకను చదివింది.

"ఏమండీ రత్నావళి గారూ, కాగితం మీద కాగితం, దాని మీద ఇంకో కాగితం పెట్టుకుంటూ పోతున్నారు. అడుగున ఉన్న కాగితానికి ఊపిరాడుతోందా?"

నేను ఉలిక్కిపడి పైడిరాజు వైపు చూశాను. అతని పెదాలు కదల్లేదు. గొంతు కూడా కదిలినట్టు లేదు. ఆ జమీందారు గొంతు బొమ్మ నోట్లోంచే వస్తోందని ప్రమాణం చేసి చెప్పగలను. పది నిమిషాల్లో మా సెక్షను సెక్షనంతా అక్కడికి చేరింది. హెడ్‌క్లర్కు నవ్వలేక గోడ పట్టుకున్నాడు. ఆఫీసు టైములో అంతమంది ఒక్కసారిగా నవ్వడం మా కేంద్రంలో అదే మొదలు.

"ఈయన దొరబాబండి" అన్నాడు పైడిరాజు. అతని సొంత గొంతు మెత్తగా, ఊరి యాసతో ఉంది. "ఏటికొప్పాక వడ్రంగి సేత అంకుడు కర్రతో సెక్కించినాను. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరం కలిసే తిరుగుతున్నాం. తీర్తాలు, జాతర్లు, పెళ్లిళ్లు, ఇస్కూలు వార్సికోత్సవాలు, అన్నీను."

"అంత దూరం నుంచి వచ్చారు, టీవీలో కనబడాలని అంత కోరికా?" అన్నాను.

"కనపడ్డం కాదు తల్లీ. తీర్తంలో ముందు వరసోలకే నా మూతి అవుపిస్తాది. ఎనకున్నోలందరూ 'తెరెనకాల ఎవుడో దాక్కుని మాటాడతన్నాడ్రా' అనేసి ఎల్లిపోతారు. పంతొమ్మిదేళ్లు కష్టపడి పెదవి కదపకుండా నేర్సుకున్నాను, సూసినోడొక్కడూ నేడు. మా యమ్మ కూడా నమ్మనేదు, పోయేదాకా. మీ కెమేరా ముకం దగ్గిరికొచ్చి సూపిస్తాది గదా! ఒక్కపాలి నా మూతి దగ్గిరగా సూపించండి. ఇంకేటీ అడగను."

"చూపించండి. నాకు కీర్తి కాంక్ష లేదు" అన్నాడు దొరబాబు.

నాకు ఆ మనిషి మీద జాలి, ఇష్టం రెండూ ఒకేసారి కలిగాయి. వెంటనే దరఖాస్తు ఫారం ఇచ్చాను. అసలు తప్పు అక్కడే జరిగింది. ఆటగాళ్ల అలవాటు ఏమిటంటే, కరపత్రం వేసినా గోడ మీద రాసినా ఇద్దరి పేర్లూ వేస్తారు. 'కళాకారుల పేర్లు' అన్నచోట పైడిరాజు అలవాటు కొద్దీ ఒకటి కిల్లాన పైడిరాజు, రెండు దొరబాబు అని రాశాడు. మా గుమాస్తా రెండు ఫైళ్లు తెరిచాడు.

మా కేంద్రంలో రూలొకటుంది. ఎవరి గొంతు ప్రసారమైనా ముందుగా ఆడిషన్ బోర్డు విని గ్రేడు ఇవ్వాలి. గ్రేడు లేనివాళ్లు తెర మీద కనిపించకూడదు, వినిపించకూడదు. బోర్డుకు అధ్యక్షులు విశ్వపతి శాస్త్రి గారు, సంస్కృతం చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయనతోపాటు ఇంకో ఇద్దరు సభ్యులు. పైడిరాజు, దొరబాబు వాళ్ల ముందు ఇరవై నిమిషాలు ఆడారు. బోర్డు వాళ్లు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వడం అయిపోయాక కళ్లజోళ్లు తుడుచుకుని ఫలితాలు రాశారు.

ఆ కాగితం నేను చదివాను. "దొరబాబు: స్పష్టమైన ఉచ్చారణ. ప్రాంతీయ యాస లేదు. చురుకైన ముఖకవళికలు. ఎ గ్రేడు." దాని కింద, "కె. పైడిరాజు: ఆడిషన్ ఆసాంతం మౌనంగా కూర్చున్నాడు. నోరు మెదపలేదు. అనంతరం రెండు మాటలు మాట్లాడినప్పుడు యాస దొర్లింది. తిరస్కరించడమైనది."

నేను పరుగున డైరెక్టరు గారి గదికి వెళ్లాను.

"సార్, దొరబాబు బొమ్మ సార్!"

"తెలుసు. చక్కని బొమ్మ" అన్నారాయన.

"బొమ్మకు గ్రేడు ఇచ్చి మనిషికి ఇవ్వకపోతే ఎలా సార్?"

"రత్నావళి గారూ, మన ఫారంలో 'బొమ్మ' అని కాలమ్ ఉందా?"

"లేదు సార్."

"'కళాకారుడు' అని ఉందా?"

"ఉంది సార్."

"ఆ కాలమ్‌లో పేరుంది. ఆ పేరుకు గ్రేడొచ్చింది. బోర్డు నిర్ణయాన్ని ప్రశ్నించే అధికారం నాకు లేదు, మీకు లేదు, బొమ్మకు లేదు. వచ్చే శనివారానికి దొరబాబు గారి కాంట్రాక్టు తయారుచేయండి."

'గారు' అన్న మాట ఆయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆ సాయంత్రానికల్లా ఆఫీసంతా అలాగే అనడం మొదలుపెట్టింది. అలవాటైపోయి నేనూ అలాగే అంటున్నాను.

కాంట్రాక్టు మీద సంతకం కావాలి. దొరబాబు గారికి చదువు లేదు గనుక వేలిముద్ర వేయించాం. చెక్క బొటనవేలు గుండ్రటి సిరామరకలా పడింది. గీతల్లేని ముద్ర చెల్లదని అకౌంటెంటు అడ్డుపడితే, "వేలిముద్ర పడాలని ఉంది గాని, గీతలు పడాలని ఎక్కడుంది?" అని డైరెక్టరు గారు తేల్చేశారు. తర్వాత వయసు సమస్య వచ్చింది. చెక్కింది పంతొమ్మిదేళ్ల కిందట గనుక మైనరు కాదని సర్దుకున్నాం.

అసలు చిక్కు శనివారం వచ్చింది. గ్రేడు లేని పైడిరాజును స్టూడియోలోకి రానివ్వడానికి వీల్లేదు. పైడిరాజు లేకపోతే దొరబాబు గారు మాట్లాడరు. నేను ఆ రాత్రంతా రూల్సు పుస్తకం తిరగేసి, ఎ గ్రేడు కళాకారుడు ఒక సహాయకుణ్ని వెంట తెచ్చుకోవచ్చునన్న వాక్యం పట్టుకున్నాను. చాలా సంతోషపడ్డాను. దాని కిందే, "సహాయకుడు తెర మీద కనిపించరాదు" అని కూడా ఉంది. దాంతో ఒక నల్లతెర కట్టించి, దానికి చెయ్యి పట్టేంత కన్నం పెట్టించాం.

పైడిరాజు ఆ తెర కన్నంలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"తెరెనకాలా, తల్లీ?" అన్నాడు.

"ఈ ఒక్కసారికి" అన్నాను. అబద్ధమని నాకు తెలుసు.

"తెరెనకాలుంటే ఎవుడైనా సెయ్యొచ్చు గదండీ. దానికి పంతొమ్మిదేళ్లు ఎందుకు? పంతొమ్మిది నిమిసాలు సాలు."

అయినా చేశాడు. తెర ముందు కుర్చీలో దొరబాబు గారు కాలు మీద కాలేసుకుని కూర్చుని, నరహరి గారు వార్తలు చదివే తీరును అనుకరించి, వరి తెగుళ్ల మీద ఒక పద్యం కట్టి, మా రూల్సు గురించి నాలుగు మాటలన్నారు. ఇంటింటా జనం పడీపడీ నవ్వారు. ఆ వారం ఏడువందల ఉత్తరాలు వచ్చాయి. సగంమంది 'ఆ తెర వెనకున్నాయన గొంతు బాగుంది' అని రాశారు. నేను ఆ ఉత్తరాలు పైడిరాజుకు చూపించలేదు.

దొరబాబు గారి దశ తిరిగింది. ఎ గ్రేడు కళాకారులను లాడ్జి నుంచి ఆఫీసు కారులో తీసుకురావాలి. సహాయకులకు కారు లేదు. ప్రతి శనివారం సాయంత్రం మా తెల్ల అంబాసిడర్ లాడ్జికి వెళ్లి, దొరబాబు గారిని వెనక సీటులో కూర్చోబెట్టుకుని వచ్చేది. పైడిరాజు ఖాళీ రేకుపెట్టె పట్టుకుని బస్సులో వేలాడుతూ, చెమటలు కక్కుకుంటూ గంట తర్వాత వచ్చేవాడు. ఆ గంటా దొరబాబు గారు డైరెక్టరు గారి గదిలో సోఫా మీద ఉండేవారు. ఆయన ముందు టీ కూడా పెట్టేవాళ్లు.

"ఎందరో కళాకారులను చూశాను. వచ్చింది మొదలు సౌకర్యాల గురించి ఫిర్యాదే. ఈయన ఒక్కమాట అనరు. సంస్కారమంటే అది" అన్నారు డైరెక్టరు గారు నాతో.

మూడు నెలలు తిరిగేసరికి ఎ గ్రేడు కాస్తా ఎ-టాప్ అయింది. సిఫార్సు చేసింది డైరెక్టరు గారే. ఆ వారమే బోర్డులో ఒక సభ్యుడికి కటక్ బదిలీ అయింది. ఖాళీ ఏర్పడితే కేంద్రంలో ఉన్న ఎ-టాప్ కళాకారుణ్ని నియమించాలని రూలు. మా కేంద్రంలో ఎ-టాప్ వాళ్లు ఇద్దరే. ఒకరు తొంభై ఏళ్ల నాదస్వర విద్వాంసుడు. ఆయన చెవులు వినపడవని బోర్డుకు రానన్నారు. మిగిలింది దొరబాబు గారు.

నియామకపు ఉత్తర్వు తీసుకుని నేనే లాడ్జికి వెళ్లాను. పైడిరాజు చాప మీద కూర్చుని దొరబాబు గారి మీసానికి రంగు వేస్తున్నాడు. చదివి వినిపిస్తే కుంచె కింద పెట్టాడు.

"నానెల్లిపోదారనుకుంటన్నానమ్మా. ఈయన్ని మీకాడే ఒగ్గేసి పోతాను. ఈయనకి కారుంది, కుర్సీ ఉంది. నాకేటుంది? పంతొమ్మిదేళ్లు ఈడికి గొంతిచ్చినందుకు నన్ను తెరెనకాల కట్టేసినారు."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు నా రూల్సు పుస్తకాన్ని హుస్సేన్ సాగర్‌లో పారేయాలనిపించింది. పారేయలేదు గాని, గట్టిగా ఆలోచించాను.

"తిరస్కరించినవాళ్లు మూడు నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు" అన్నాను. "ఇప్పుడు బోర్డులో ముగ్గురుంటారు. అందులో ఒకాయన మీకు బాగా తెలిసినాయన."

పైడిరాజు నావైపు చూశాడు. దొరబాబు గారి వైపు చూశాడు. ఇంకా మీసం సగమే ఆరింది.

"ఆలోచించవలసిన విషయమే" అన్నారు దొరబాబు గారు.

ఆడిషన్ రోజున సభ్యుల కుర్చీలో దొరబాబు గారిని కూర్చోబెట్టాం. బల్ల ఎత్తుకు అందడానికి కింద రెండు సంపుటాల రూల్సు పుస్తకాలు వేశాం. పైడిరాజు అభ్యర్థి కుర్చీలో ఆరడుగుల దూరంలో కూర్చున్నాడు. చెయ్యి బొమ్మ లోపల లేదు గనుక దొరబాబు గారి నోరు కదలదు. ఈ సంగతి ఎవరైనా ఎత్తిచూపుతారని భయపడ్డాను. ఎవరూ చూడలేదు. కమిటీలో పక్క సభ్యుడి ముఖం చూసే అలవాటు మా కేంద్రంలో ఎవరికీ లేదు.

"నిబంధన ప్రకారం అడగాలి" అన్నారు విశ్వపతి శాస్త్రి గారు. "దొరబాబు గారూ, ఈ అభ్యర్థి తమకు బంధువా?"

"నేను అంకుడు చెట్టుకు పుట్టాను శాస్త్రిగారూ. అడవిలో ఉన్నవన్నీ నా బంధువులే. ఇతను మనిషి."

శాస్త్రి గారు 'బంధుత్వం లేదు' అని రాసుకున్నారు. పైడిరాజు వైపు తిరిగారు.

"నీకు వచ్చినదేమిటి నాయనా?"

"నోరు మెదపకుండా ఉండటం వచ్చండి."

"అది ఉద్యోగానికి అర్హత. కళకు కాదు" అన్నారు శాస్త్రి గారు. మిగతా సభ్యుడు తలూపాడు. కలం కాగితం మీదికి వెళుతోంది.

"ఒక్క సందేహం శాస్త్రిగారూ" అన్నారు దొరబాబు గారు. "వీణ వాయించేవాడు వస్తే, వాడు పాడలేదని తిరస్కరిస్తారా?"

"తిరస్కరించం. వాడి తరఫున వీణ పలుకుతుంది కదా."

"ఇతగాడి వీణను నేను."

పైడిరాజు కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నాడు. పెదాలు రాయిలా ఉన్నాయి. కణతల మీంచి చెమట కారుతోంది. ఆ మూడు మాటలూ పంతొమ్మిదేళ్లుగా అతను చెప్పాలనుకున్నవేనని, తన నోటితో చెబితే ఎవరూ వినరని అతనికి తెలుసునని నాకు అర్థమైంది.

"వీణకు గ్రేడు ఇచ్చిన దాఖలా ఎక్కడైనా ఉందా?" అని మళ్లీ అడిగారు దొరబాబు గారు.

"లేదు" అన్నారు శాస్త్రి గారు. అన్నాక ఆయన ముఖం పాలిపోయింది. ఎదురుగా ఎ-టాప్ వీణ కూర్చుని ఉంది. "అంటే... క్రిందటిసారి బోర్డు... పొరపాటని రాయాలా?"

"ఛ ఛ. పొరపాటని ఎందుకు రాయడం? విచారణ వేస్తారు. విషయ నిపుణుడిగా నేను ఒక అభిప్రాయం చెబుతాను, రాసుకోండి. ఈ కళలో కదలని పెదవే ఉచ్చారణ."

శాస్త్రి గారు అమ్మయ్య అనుకుని రాసుకున్నారు. నిపుణుడి అభిప్రాయం దొరికాక బోర్డుకు బరువు తీరిపోయింది. ఫలితం ఇలా వచ్చింది. "కె. పైడిరాజు: అభ్యర్థి మౌనం స్పష్టంగా, లోపరహితంగా ఉంది. బి గ్రేడు."

పైడిరాజు ఆ కాగితాన్ని నాలుగుసార్లు నాచేత చదివించుకున్నాడు. నల్లతెర విప్పించి నేనే మడత పెట్టించాను. ఆ శనివారం కోసం ఇద్దరం రోజులు లెక్కపెట్టాం.

శనివారం మధ్యాహ్నం డైరెక్టరు గారు కొత్త సర్క్యులర్ జారీ చేశారు. ఒక బి గ్రేడు గాయకుడి ముఖం తెర మీద ఎ గ్రేడు గాయకుడి ముఖమంత పెద్దదిగా పడిందని ఎవరో ఫిర్యాదు చేశారట. "ఇకపై ముఖము మాత్రమే కనిపించు క్లోజప్పు ఎ గ్రేడు వారికి మాత్రమే. బి గ్రేడు వారిని నడుము వరకు చూపవలెను. సి గ్రేడు వారిని దూరము నుంచి చూపవలెను."

కెమెరామన్ సలీం ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మేడం, నడుం దాక సూపిస్తే ఆయన మూతి ఏం కనపడ్తది? మన టీవీలల్ల ఆవగింజంత ఉంటది."

నేను డైరెక్టరు గారి గదికి వెళ్లి బతిమాలాను. కాస్త గట్టిగానే మాట్లాడాను. "ముఖాల పరిమాణంలో క్రమశిక్షణ లేకపోతే సంస్థ నిలవదు రత్నావళి గారూ" అన్నారాయన. పదిన్నరకు పది నిమిషాలుండగా ఆ సంగతి పైడిరాజుకు నేనే చెప్పాను. అతను దొరబాబు గారి కండువా సర్ది, చెయ్యి లోపల పెట్టి, లైట్ల కిందికి నడిచాడు.

ప్రసారం మొదలైంది. అప్పట్లో అంతా అప్పటికప్పుడే వెళ్లిపోయేది, వెనక్కి తీసుకునే వీల్లేదు. నేను కంట్రోల్ రూములో అద్దం ముందు కూర్చున్నాను. నా వెనక కుర్చీలో డైరెక్టరు గారు. తెర మీద పైడిరాజు నడుం దాకా, ఒళ్లో దొరబాబు గారు. పెదాలు కదులుతున్నాయో లేదో నాకే తెలియడం లేదు.

"ఏమండీ దొరబాబు గారూ, కులాసాయేనా?" అన్నారు నరహరి గారు.

"కులాసాయే గాని, మీ స్టూడియోలో చలి చంపేస్తోంది. యంత్రాల కోసం వేసిన ఏసీ కదా, కళాకారుల సంగతి దానికేం తెలుసు? ఈ మనిషి భుజం మీద కాసేపు తల పెట్టుకోవచ్చునా? రూల్సులో వీలుంటేనే సుమండీ."

నరహరి గారు బిక్కముఖం వేసి మావైపు చూశారు. డైరెక్టరు గారు ఒక క్షణం ఆలోచించి మైకులో చెప్పారు. "ఎ-టాప్ కళాకారుల సౌకర్యమునకు భంగము కలగరాదు. అనుమతించండి."

దొరబాబు గారు మెల్లగా ఒరిగారు. తలపాగా పైడిరాజు చెవికి ఆనింది. చెక్క చెంప పైడిరాజు చెంపకు ఆనింది.

నా చెవుల్లోని హెడ్‌ఫోన్లో సలీం గొంతు వినిపించింది. "మేడం, ఎ-టాప్‌కు క్లోజప్ ఇయ్యాలె గదా?"

"ఇవ్వాలి సలీం. రూలు" అన్నాను.

కెమెరా ముందుకు జరిగింది. ముఖాలు పెద్దవయ్యాయి. ఇంకా పెద్దవయ్యాయి. దొరబాబు గారి ముఖం తెరలో సగం నిండింది. మిగతా సగం పైడిరాజు ముఖం. ముక్కు కింద సన్నటి మీసం, మీసం కింద పెదాలు.

దొరబాబు గారు అందుకున్నారు. "పెద్దాపురం పాపమ్మ, బొబ్బిలి భీమన్న పెళ్లికి పంపిన బుట్టలో బూరెలు, బొబ్బట్లు, పనసపండు, మామిడిపండు, పప్పుబెల్లం, పంపర పనస, పెంపుడు మేకపిల్ల. మేకపిల్ల పప్పుబెల్లం మేసింది, బూరెలు మింగింది, బొబ్బట్లు బుక్కింది, 'మే' మని పాపమ్మను పిలిచింది!"

మీరు ఒకసారి అద్దం ముందు నిలబడి, పెదవికి పెదవి తగలకుండా 'అమ్మ' అని చూడండి. మీ వల్ల కాదు. నా వల్లా కాలేదు. ఆ రాత్రి పైడిరాజు అటువంటి మాటలు మూడు నిమిషాల పాటు గడగడా పలికించాడు. వేగం పెంచుతూ పోయాడు. ఆ పెదాలు గోడ మీద బొమ్మలో పెదాల్లా ఉన్నాయి. రాష్ట్రంలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ, పక్కింటి కిటికీలోంచి తొంగిచూసిన ప్రతివాళ్లూ, వాటినే చూశారు. తెర వెనక ఎవరో ఉన్నారనడానికి తెరే లేదు.

"ఆ పక్క ముఖం ఎవరిది?" డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "బి గ్రేడు ముఖం క్లోజప్పులో ఉంది!"

"అది దొరబాబు గారి క్లోజప్పు సార్. ఆ ముఖం పక్కన ఉందంతే."

ఆయన సర్క్యులర్ తీసి చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. పక్కన ఉన్న ముఖం గురించి అందులో ఏమీ లేదు. ఆయన నెమ్మదిగా కూర్చున్నారు.

మేకపిల్ల కథ అయిపోయింది. స్టూడియోలో లైటు పట్టుకునేవాళ్లు, తీగలు లాగేవాళ్లు అంతా చప్పట్లు కొడుతున్నారు. పక్క గదిలో రెండు ఫోన్లూ ఆగకుండా మోగుతున్నాయి. ఒక ఫోన్ ఎత్తిన హెడ్‌క్లర్కు తలుపు తోసుకుని వచ్చి, "మేడం, పార్వతీపురం నుంచి ఎవరో. ఆయన నోరు మెదపడం లేదు, నిజంగానే మెదపడం లేదు, మేమంతా దగ్గరికెళ్లి చూశాం అంటున్నారు" అని అరిచాడు. అతని గొంతు మా మైకులోంచి స్టూడియోలోకి కూడా వెళ్లింది. పైడిరాజు విన్నాడు.

తెర మీద ఆ పెదాలు మొదటిసారి కదిలాయి. ముందు ఒక మూల వణికాయి. తర్వాత నోరంతా తెరుచుకుంది. పైడిరాజు నవ్వాడు. పై పన్నొకటి ఊడిపోయి ఉంది, అది కూడా కనిపించేలా నవ్వాడు. బుగ్గల మీంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచక నవ్వాడు. అతని చెంపకు ఆనుకుని దొరబాబు గారు నోరు మూసుకుని ఉన్నారు.

ఒక నిమిషం గడిచింది. డైరెక్టరు గారు గడియారం చూసుకుని ముందుకు వంగారు.

"రత్నావళి గారూ, దొరబాబు గారు మాట్లాడటం లేదేం? ఎ-టాప్ కళాకారుడు ప్రసారంలో నిమిషం పైన మౌనంగా ఉంటే సంజాయిషీ అడగాలి."

"అడుగుదాం సార్, సోమవారం" అన్నాను. "ఇప్పుడు మాత్రం ఆగండి. పైడిరాజు గారు నవ్వుతున్నారు."